కోడ్ సమీక్ష (ప్రారంభకుల ప్రాజెక్టులు)

ఒకరు రాసిన కంప్యూటరు ప్రోగ్రామును మరొకరు చదివి, నడిపి చూసి, అందులోని గుణదోషాలను తెలియజేయడాన్ని కోడ్ సమీక్ష అంటారు. కొత్తగా ప్రోగ్రామింగు నేర్చుకొనేవారు తమ చిన్న ప్రాజెక్టులను అంతర్జాలంలో ఉంచి, ముఖపరిచయం లేని అనుభవజ్ఞుల నుంచి కూడా సలహాలు పొందవచ్చు. ప్రోగ్రాము నడిచినంత మాత్రాన అది సరైనదని చెప్పలేము. రాసినవారికి తోచని పరీక్షను మరొకరు చేయడమే సమీక్ష వలన కలిగే ముఖ్య ప్రయోజనం.

చరిత్ర

ప్రోగ్రాములోని తప్పును రాసిన వ్యక్తికి అవమానంగా భావించరాదని జెరాల్డ్ వైన్‌బర్గ్ 1971లో ప్రచురించిన తన గ్రంథంలో వాదించాడు. ఐబీఎం సంస్థకు చెందిన మైకేల్ ఫాగన్ 1976లో కోడు తనిఖీకి ఒక క్రమపద్ధతిని ప్రచురించాడు. 1991 ఆగస్టు 25న ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, తాను సరదాగా ఒక ఆపరేటింగు సిస్టమును రాస్తున్నానని తెలిపి, మినిక్స్ వాడేవారికి అందులో నచ్చినవి, నచ్చనివి చెప్పమని అంతర్జాలంలో కోరాడు. ఆ సిస్టమే తరువాత లినక్స్‌గా ప్రసిద్ధి చెందినది.

ఒక ఉదాహరణ

ఒక పదాన్ని వెనుక నుంచి చదివినా అదే పదం వస్తుందో లేదో చెప్పే ప్రోగ్రాము ప్రారంభకులు తరచుగా చేసే అభ్యాసం. పైథాన్ భాషలో దీనిని ఒక్క పంక్తిలో రాయవచ్చు. ఇంగ్లీషు పదాలకు ఇది సరిగా పనిచేస్తుంది. కాని "వికటకవి" అని ఇస్తే "కాదు" అని జవాబు వస్తుంది.

యూనికోడ్‌లో గుణింతపు గుర్తు, వత్తును కలిపే గుర్తు, సున్న వేరువేరు సంకేతాలుగా నిలువ ఉండటమే దీనికి కారణం. కృష్ణా డెల్టా దిగువ ప్రాంతపు పేర్లను ఇచ్చి చూస్తే ఈ తేడా తెలుస్తుంది.

* గుడివాడ: అక్షరాలు 4, సంకేతాలు 7
* దివిసీమ: అక్షరాలు 4, సంకేతాలు 7
* మచిలీపట్నం: అక్షరాలు 5, సంకేతాలు 10

"గుడివాడ"ను తిరగేస్తే "డవాడిగు" రావాలి. సంకేతాలను తిరగేసే ప్రోగ్రాము "డావిడుగ" అని ఇస్తుంది. తెలుగు తెలిసిన సమీక్షకుడు ఈ దోషాన్ని చూడగానే పట్టుకోగలడు. ఇంగ్లీషు పదాలతో మాత్రమే పరీక్షించినవారికి ఇది కనబడదు.

అక్షరాలుగా విడదీసే లైబ్రరీని వాడడం దీనికి పరిష్కారం. వత్తుతో కూడిన తెలుగు అక్షరాన్ని ఒకే భాగంగా తీసుకొనే నియమం 2023లో వెలువడిన యూనికోడ్ 15.1లో చేరింది. కనుక పాత లైబ్రరీలు "ట్నం"ను రెండుగా విడదీయవచ్చు.

ఇటువంటి లోపాలు పెద్ద సంస్థలకూ తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా"కు సంబంధించిన ఒక తెలుగు అక్షర క్రమం తెరపైకి రాగానే ఐఫోనులో కొన్ని అనువర్తనాలు మూతపడేవి. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 ద్వారా దీనిని సరిచేసింది.

సమీక్ష కోరేవారు

ప్రోగ్రాము ఏమి చేయాలో, ఇప్పుడు ఏమి చేస్తున్నదో, ఏ విషయంలో సలహా కావాలో తెలపాలి. కోడును తెరపట్టుగా కాక పాఠ్యంగా ఇస్తే ఇతరులు నడిపి చూడగలరు. సంకేతపదాలు, ఫోను నంబర్లు వంటివి ముందే తొలగించాలి. సలహా అర్థం కాకపోతే మళ్ళీ అడగడం తప్పు కాదు. ప్రతి సలహానూ పాటించనవసరం లేదు, కాని చూపిన దోషాన్ని స్వయంగా పరీక్షించి చూసుకోవాలి.

సమీక్ష చేసేవారు

"ఈ కోడు పనికిరాదు" అనే వ్యాఖ్య వలన రాసినవారు నేర్చుకొనేది ఏమీ ఉండదు. "వికటకవి అని ఇచ్చాను. అవును అని రావాలి, కాదు అని వచ్చింది. గుణింతాలు విడిగా తిరగబడుతున్నాయి" అనే వ్యాఖ్యలో ఇచ్చినది, రావలసినది, వచ్చినది, కారణం నాలుగూ ఉన్నాయి. మొత్తం కోడును తిరగరాసి ఇవ్వడం కంటే, ఒకటి రెండు ముఖ్య దోషాలను చూపి దిద్దుబాటును రాసినవారికే విడిచిపెట్టడం మేలు.

పరుషమైన మాటలు కొత్తవారిని ఈ విద్యకే దూరం చేయవచ్చు. ఇతరుల కోడుపై కటువుగా రాసినందుకు టోర్వాల్డ్స్ 2018 సెప్టెంబరులో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. అదే నెలలో లినక్స్ కెర్నల్ ప్రాజెక్టు కొత్త ప్రవర్తనా నియమావళిని స్వీకరించింది.