అతుకుల గిటారు: శ్రమ, సరుకు

సంగీత చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా కళాకారుడి దగ్గర మొదలుపెట్టి కళాకారుడి దగ్గరే ముగిస్తారు. వాయిద్యం వాళ్ల దృష్టిలో ముందే సిద్ధంగా ఉన్న వస్తువు. ఎవరో చేసిపెట్టారు, ప్రతిభావంతుడు చేతిలోకి తీసుకున్నాడు, అంతే. సాహిత్య చరిత్రలో భాషనూ, ఛందస్సునూ మనం చాలాకాలం ఇలాగే చూశాం. కాని పనిముట్టును ఎవరు చేశారు, దేనితో చేశారు, ఎందుకు చేయవలసి వచ్చింది అన్న ప్రశ్నలు వేయకుండా ఏ కళారూపపు పరిణామమూ అర్థం కాదు. ఎలక్ట్రిక్ గిటారు చరిత్రలో, ముఖ్యంగా పొంతనలేని విడిభాగాలతో గిటార్లు కట్టుకున్నవాళ్ల చరిత్రలో, ఈ విషయం స్పష్టంగా కనిపిస్తుంది.

అమెరికాలో డాన్సు ఆర్కెస్ట్రాలు పెద్దవైన రోజుల్లో ఇత్తడి బాకాల మధ్య గిటారు గొంతు వినపడేది కాదు. ఆ అవసరంలోంచే 1931లో జార్జ్ బీచమ్ ఒక పికప్‌ను తయారుచేశాడు. అయస్కాంతం, దాని దగ్గర రాగితీగ చుట్ట. ఉక్కు తీగ కంపిస్తే చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. దాన్ని ఆంప్లిఫయరు పెద్దది చేస్తుంది. దీంతో ధ్వనిని పెంచడానికి బోలు పొట్ట అవసరం లేకుండా పోయింది. 1940 ప్రాంతంలో లెస్ పాల్ న్యూయార్కులోని ఎపిఫోన్ ఫ్యాక్టరీలో నాలుగంగుళాల దేవదారు దుంగకు మెడ, తీగలు, పికప్‌లు తగిలించి వాయించాడు. శ్రోతలకు ఆ దుంగ రుచించలేదు. ఒక మామూలు గిటారు మొండాన్ని నిలువుగా కోసి ఆ రెండు ముక్కలనూ దుంగకు అటూ ఇటూ అతికించేసరికి అదే వాయిద్యాన్ని మెచ్చుకున్నారు. ఆ ముక్కల వల్ల ధ్వనికి ఒరిగిందేమీ లేదు. కొత్త వస్తువు పాత రూపం తొడుక్కుంటే గాని సభలోకి రానివ్వరన్న సంగతి మనకూ కొత్త కాదు.

రెండో మలుపు లియో ఫెండర్‌ది. ఈయన కాలిఫోర్నియాలోని ఫుల్లర్‌టన్‌లో రేడియోలు బాగుచేసినవాడు. గిటారు వాయించడం రాదు. 1950లో ఆయన అమ్మకానికి తెచ్చిన గిటారులో మెడను మొండానికి జిగురుతో అతికించలేదు, నాలుగు మరలతో బిగించాడు. చవకగా, వేగంగా, ఏ భాగానికా భాగం విడివిడిగా తయారుచేయవచ్చు; మెడ పాడైతే మరొకటి బిగించుకోవచ్చు. ఇది పూర్తిగా ఉత్పత్తిదారు సౌకర్యం కోసం జరిగిన విభజన. అయితే ఇక్కడే ఒక వైరుధ్యం ఉంది. ఫ్యాక్టరీ తన సౌకర్యానికి విడగొట్టిన వస్తువును వాయించేవాడు తన అవసరానికి మరోలా కలుపుకోగలిగాడు. మర తిప్పడం వచ్చినవాడి చేతికల్లా గిటారు నిర్మాణం అందింది.

ఆ అవకాశం అందరికీ ఒకేలా అందలేదు. 1970లో ఎరిక్ క్లాప్టన్ నాష్‌విల్‌లో పాత స్ట్రాటోకాస్టర్లు ఆరు కొని, మూడింటిని మిత్రులకు పంచి, మిగిలిన మూడింటి మంచి భాగాలతో ఒకటి కట్టించుకున్నాడు. అది సంపన్నుడి ఎంపిక. బ్రయన్ మే సంగతి వేరు. 1963లో లండన్ శివారులో చదువుకునే కుర్రవాడు. కోరుకున్న గిటారు కొనే స్తోమత ఇంట్లో లేదు. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన తండ్రితో కలిసి సుమారు రెండేళ్లు చేతులతో పనిచేశాడు. మెడకు పాత పొయ్యిగూడు మహాగని చెక్క. దాని పురుగు రంధ్రాలకు అగ్గిపుల్లల పూడిక. మొండానికి పాత బల్లలోని ఓకు చెక్క. మోటారుసైకిల్ స్ప్రింగులు, సైకిలు సామాను, ఒక అల్లిక సూది. మొత్తం ఖర్చు 8 పౌండ్లు.

అందరికీ తెలిసిన అతుకుల గిటారు ఎడ్వర్డ్ వాన్ హేలెన్‌ది. 1955లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టి, 1962లో కుటుంబంతో కాలిఫోర్నియాకు వలస వచ్చాడు. తండ్రి సంగీతకారుడైనా అక్కడ ఊడ్చే పనికి పోవలసి వచ్చింది. తల్లి ఇళ్లలో పనిచేసింది. కొడుక్కు ఒక కంపెనీ గిటారులోని దట్టమైన ధ్వని కావాలి, మరో కంపెనీ గిటారులో తీగల్ని సడలించి బిగించే కడ్డీ కావాలి. రెండూ ఒకచోట దొరకవు. లోపం ఉందని పక్కన పెట్టిన మొండాన్ని 50 డాలర్లకు, మెడను 80 డాలర్లకు కొని, తన గిబ్సన్‌లోంచి పీకిన పికప్‌ను అందులో పెట్టాడు. అక్కడ చిక్కు వచ్చింది. గిబ్సన్ తీగల మధ్య ఎడం తక్కువ, ఫెండర్ బ్రిడ్జి మీద ఎక్కువ. పికప్‌ను తిన్నగా పెడితే దాని మొనలు తీగల కిందికి రావు. అందుకని ఏటవాలుగా బిగించాడు. కీచుమనకుండా పికప్‌ను కరిగించిన మైనంలో ముంచాడు. 1978లో వచ్చిన మొదటి రికార్డులో వినిపించింది ఈ గిటారే. చూసేవాళ్లు వింత అలంకారం అనుకున్న ఆ ఏటవాలు నిజానికి రెండు కొలతల మధ్య కుదిరిన రాజీ. శైలి అని మనం పిలిచేది చాలాసార్లు ఇలాగే పుడుతుంది.

దానికి ఫ్రాంకెన్‌స్టైన్ అని పేరు పడింది. మేరీ షెల్లీ 1818 నాటి నవల చదివిన విద్యార్థులకు ఒక విషయం తెలుసు: అది ముక్కలు కలిపి చేసిన జీవి పేరు కాదు, చేసినవాడి పేరు. నవలలో చేసినవాడు తన సృష్టిని చూసి భయపడి వదిలేస్తాడు, అక్కణ్ణుంచే విషాదం. వాన్ హేలెన్ తన గిటారును వదలలేదు. కోశాడు, రంగు మార్చాడు, మళ్లీ కోశాడు.

వదిలించింది మార్కెట్టు. 2004లో క్లాప్టన్ గిటారు వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. ఆ సొమ్ము వ్యసన చికిత్సా కేంద్రానికి చేరింది, అది వేరే సంగతి. 2006లో దాని నకళ్లు 275, ఒక్కొక్కటి 24,000 డాలర్లకు అమ్మారు. 2007లో వాన్ హేలెన్ గిటారుకు 300 నకళ్లు, ఒక్కొక్కటి 25,000 డాలర్లు. గీతలు, కాలిన మచ్చలు, ఊడిన రంగు అన్నీ కొలత ప్రకారం దించారు. 130 డాలర్లకు మొండెం, మెడ కొనుక్కున్న లేమి చివరికి విలాస వస్తువైంది. మచ్చ మిగిలింది, మచ్చ పడ్డ కారణం మిగల్లేదు.

విడిభాగాలు కూడా ఫ్యాక్టరీ సరుకే కదా, ఇందులో స్వేచ్ఛ ఎక్కడిదని అడగవచ్చు. నిజమే. మార్కెట్టు బయట నిలబడి గిటారు కట్టినవాడు లేడు, సొంతంగా భాషను పుట్టించి కవిత్వం రాసినవాడూ లేడు. తేడా ముక్కల్లో లేదు, వాటిని కలిపిన అవసరంలో ఉంది.

దీన్ని మనకు దగ్గరగా చూడాలంటే పాలకొల్లు వెళ్లాలి. అక్కడ 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు. ఆ పాశ్చాత్య వాయిద్యానికి జంటలుగా ఎనిమిది తీగలు. జంట తీగల మీద గమకం లొంగదు. ఆయన ఒంటి తీగలు ఐదింటితో ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. 2014లో చనిపోయేదాకా దానిమీదే వాయించాడు. వాయిద్యాన్ని మార్చింది ముచ్చట కాదు, గమకం అడిగింది.

మన రచనల్లోనూ పాత రూపాల ముక్కలు, పరాయి సాహిత్యాల ముక్కలు ఉంటాయి; ఉండక తప్పదు. చెప్పవలసిన విషయం ఒత్తిడి చేసి ఆ అతుకు వేయించిందా, లేక ఎవరి మచ్చనో అందంగా ఉందని దించుకున్నామా? విమర్శకుడు ముందు అడగవలసిన ప్రశ్న అది. రచయిత అంతకంటే ముందు తననే అడుక్కోవాలి.