పలకలిచ్చారు సరే, చదువొచ్చిందా?

ఎన్ని పుస్తకాలు పంచారు, ఎందరు టీచర్లను వేశారు, ఎంత ఖర్చు పెట్టారు: విద్యాశాఖల నివేదికల్లో చాలాకాలం ఇవే లెక్కలు. పిల్లలకు చదువొచ్చిందా, వస్తే దేనివల్ల వచ్చిందన్నది తేల్చే ప్రయత్నం ఆలస్యంగా మొదలైంది.

1985లో అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రం పిల్లలను లాటరీ పద్ధతిలో చిన్న, పెద్ద తరగతులకు కేటాయించి పోల్చింది. 13 నుంచి 17 మంది ఉన్న తరగతుల పిల్లలు మెరుగ్గా రాణించారు. 1990లలో ఈ పద్ధతి కెన్యా పల్లెలకు చేరింది. అక్కడ ఉచితంగా పుస్తకాలిచ్చినా సగటు మార్కులు పెరగలేదు. ఆ పుస్తకాలు ఇంగ్లీషువి. చాలామంది పిల్లలకు అది మూడో భాష. ముందునుంచీ బాగా చదివేవాళ్లకే అవి అక్కరకొచ్చాయి.

మన దేశంలో 2001 నుంచి ముంబై, వడోదర బడుల్లో ప్రథమ్ సంస్థ 'బాల్‌సఖి'ని పరీక్షకు పెట్టింది. స్థానిక యువతులు వెనుకబడిన పిల్లలను రోజుకు రెండు గంటలు వేరే కూర్చోబెట్టి అక్షరాలు, కూడికలు నేర్పారు. ఆ పిల్లలు బాగా పుంజుకున్నారు. తరగతిలో మిగిలినవాళ్లకు మాత్రం జనం తగ్గినా ఒరిగిందేమీ లేదు. అంటే మేలు చేసింది పిల్లల స్థాయికి తగ్గ బోధనే.

అసలు కారణాన్ని విప్పి చూపిన ప్రయోగం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. 2005లో పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఐదు జిల్లాల్లో 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను ఎంచుకున్నారు. పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చిన చోట మార్కులు పెరిగాయి. టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. కానీ వచ్చిన రోజున అదనపు క్లాసులు, సాధన పరీక్షలు పెట్టారు. ఇంకో 100 బడులకు నోటుపుస్తకాలు, పలకల వంటి సామగ్రి కోసం నిధులిచ్చారు. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది బడి ఇస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు తమ ఖర్చు తగ్గించుకున్నారు. దాంతో పిల్లల చేతికి అదనంగా అందింది స్వల్పమే, మార్కులూ పెరగలేదు.

పేదరిక నిర్మూలనలో ఇలాంటి ప్రయోగాత్మక పద్ధతికి గాను 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు నోబెల్ దక్కింది. గౌరవం సరే, పాఠం వంటబట్టాలి. ఒక ఏడాది సగటు మార్కులు చూసి పథకానికి జేజేలు కొట్టడమూ, ఎత్తేయడమూ రెండూ తొందరపాటే. కొత్త పథకానికి జీవో ఇచ్చేముందే ప్రభుత్వాలు దాన్ని కొన్ని బడుల్లో పరీక్షించాలి. మార్కులతోపాటు టీచరు ఏం మార్చాడో, ఇంటివాళ్లు ఏం మానేశారో కూడా నమోదు చేయాలి.