ఫీల్డ్ మార్షల్ దండం: ఒక పరిశీలన

సోషల్ మాస్టారు సెలవులో ఉండగా పదవ తరగతికి ఆ పీరియడ్ నేను తీసుకున్నాను. రెండవ ప్రపంచ యుద్ధం పాఠం. ఒక ఫోటో చూపించాను. 1945 మే 8 అర్ధరాత్రి వేళ, బెర్లిన్ శివారు కార్ల్స్‌హోర్స్ట్‌లో బేషరతు లొంగుబాటు పత్రంమీద సంతకం చెయ్యడానికి వచ్చిన జర్మన్ ఫీల్డ్ మార్షల్ కైటెల్, చేతిలోని పొట్టి దండాన్ని పైకెత్తి వందనం చేస్తున్నాడు. "ఓడిపోయినాయనకు ఇంకా ఆ కర్ర ఎందుకండీ మాస్టారూ?" అన్నాడు వెనక బెంచీ కుర్రవాడు. "అది హోదా చిహ్నంరా" అని చెప్పి పాఠం ముందుకు నడిపాను. నా జవాబు నాకే చాలలేదు. ఆ కర్ర చరిత్ర వెతకడం అలా మొదలయింది.

తెలుగు చదువుకున్నవాణ్ణి గనుక ముందు మాట దగ్గరే ఆగాను. దండం అంటే కర్ర. దండం అంటే శిక్ష. దండం అంటే సేన కూడా. దండనాయకుడు, దండయాత్ర అక్కణ్ణించి వచ్చినవే. చివరికి చేతులు జోడించి పెట్టేదీ దండమే. కొట్టే కర్రకూ, మొక్కే చేతికీ మన భాష ఒకే మాట ఉంచింది. జర్మన్ సేనానుల కథలో ఈ అర్థాలన్నీ ఒకదాని వెంట ఒకటి కనిపిస్తాయి.

సిపాయి సంచిలో మార్షల్ దండం ఉంటుందని నెపోలియన్ పేర ఒక మాట ప్రచారంలో ఉంది. ఎవడైనా పైకి రావచ్చుననే బూర్జువా విప్లవపు ఆశ అది. హిట్లర్ నాటికి ఆ ఆశ ఏమయింది? ఫ్రాన్స్ పతనమైన కొద్ది వారాలకు, 1940 జులై 19న, క్రోల్ ఒపేరా భవనంలో జరిగిన రైష్‌స్టాగ్ సమావేశంలో అతడు ఒక్కరోజే 12 మందిని ఫీల్డ్ మార్షళ్లను చేశాడు. తొమ్మిదిమంది పదాతి సేనవారు, ముగ్గురు వైమానిక దళంవారు. 12 మందిలో ఏడుగురి పేర్లలో 'ఫాన్' అనే కులీన చిహ్నం ఉంది. పదాతి సేన దండానికి ఎర్ర మఖమలు, వైమానిక దళం దండానికి నీలి మఖమలు. మీద బంగారు గద్దలు, శిలువలు.

అందరికీ కనిపించింది ఈ మఖమలే. కనిపించనిది మరొకటుంది. ఫీల్డ్ మార్షళ్లకు జీతం కాక నెలకు 4,000 మార్కులు, పన్ను లేకుండా, రహస్యంగా ముట్టేవి. 1942 అక్టోబరులో క్లూగె 60వ పుట్టినరోజుకు 2,50,000 మార్కుల చెక్కు అందింది. కనుక దండాన్ని గెలుపుకు దక్కిన బహుమానమని మాత్రమే అనుకోరాదు. రాబోయే విధేయతకు ముందుగా చెల్లించిన బయానా కూడా అది.

ఆ విధేయత ఏం చేసిందో కాగితాలమీద ఉంది. ఒక జర్మన్ సైనికుడి ప్రాణానికి 50 నుంచి 100 మంది కమ్యూనిస్టులను చంపడం తగిన శిక్ష అని 1941 సెప్టెంబరు 16న ఉత్తర్వు ఇచ్చింది కైటెలే. అదే అక్టోబరు 10న, ఆరవ సైన్యాధిపతి రైహెనావ్ యూదుల హత్యలను సమర్థిస్తూ తన సైనికులకు ఆజ్ఞ రాశాడు. పైఅధికారి రుండ్‌స్టెట్ దాన్ని మెచ్చి మిగతా సేనలకూ పంపాడు. వీరంతా 1940లో దండాలు అందుకున్నవారే. 'మేం కేవలం సైనికులం' అని యుద్ధానంతరం వీరి వర్గం చెప్పుకున్న మాటను ఈ కాగితాల పక్కన పెట్టి చదవాలి.

అయితే దండం పట్టినవారందరినీ ఒకే గాటన కట్టడం చరిత్ర అనిపించుకోదు. ఆ 12 మందిలో విట్స్‌లేబెన్ ఒకడు. 1944 జులై 20 కుట్రలో హిట్లర్‌ను కూలదోయడానికి నిలబడ్డాడు. ఆయన్ను సైన్యంనుంచి వెలివేసిన గౌరవ న్యాయస్థానంలో రుండ్‌స్టెట్, కైటెల్ కూర్చున్నారు. నాజీ కోర్టులో ఆ ముసలివాడు బెల్టు లేని పంట్లాం జారిపోకుండా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆగస్టు 8న ఉరి తీశారు. దండం దిగజారిపోయాక ఆ చేతికి మిగిలిన గౌరవం అది. చెక్కు పుచ్చుకున్న క్లూగెకు కుట్ర సంగతి తెలుసు. ఎటూ తేల్చుకోలేక ఊగిసలాడి, ఆగస్టు 19న విషం మింగాడు. విట్స్‌లేబెన్ తిరుగుబాటు ఆలస్యమైనదే. కాని ఆలస్యానికీ, ఎన్నడూ లేకపోవడానికీ తేడా ఉంది.

అసలు చేతికి అందని దండం కథ మరొకటి. స్టాలిన్‌గ్రాడ్‌లో చుట్టుముట్టబడిన అదే ఆరవ సైన్యానికి అప్పటి అధిపతి పౌలుస్. 1943 జనవరి 30న హిట్లర్ ఆయనకు ఫీల్డ్ మార్షల్ పదవి ఇచ్చాడు. జర్మన్ ఫీల్డ్ మార్షల్ ఎవడూ అంతవరకు బందీగా చిక్కలేదు. అంటే, చచ్చిపొమ్మని సూచన. పౌలుస్ మర్నాడే లొంగిపోయాడు. సుమారు 91,000 మంది బందీలయ్యారు. ఇల్లు చేరింది ఆరు వేలకు లోపే. 1946లో పౌలుస్ న్యూరెంబర్గ్ కోర్టులో సాక్షిగా నిలిచి, సోవియట్ యూనియన్‌పై దాడికి కైటెల్ మొదలైనవారు చేసిన సన్నాహాలను బయటపెట్టాడు. ఆ అక్టోబరు 16న కైటెల్‌ను ఉరితీశారు.

స్టాలిన్‌గ్రాడ్‌లో ఆఖరి జర్మన్ దళం లొంగింది ఫిబ్రవరి 2న. పదకొండు రోజుల తర్వాత, ఫిబ్రవరి 13న, తెనాలిలో అభ్యుదయ రచయితల మొదటి మహాసభ ప్రారంభమయింది. ఫాసిజాన్ని ఎదిరించడం రచయిత పని అని నమ్మినవారి సభ అది. వారి వారసులమని చెప్పుకునే మనకు ఈ కర్ర ఒక ప్రశ్న వేస్తున్నది. మనకూ గండపెండేరాలున్నాయి, బిరుదులున్నాయి, శాలువలున్నాయి. పుచ్చుకోవడమే నేరమని నేననను. ఇస్తున్న చెయ్యి నిన్న ఏ కాగితంమీద సంతకం చేసిందో, రేపు మనచేత దేనిమీద చేయిస్తుందో అడగకుండా పుచ్చుకోవడం నేరం.

ఆ కుర్రవాడికి మరుసటి వారం సరైన జవాబు చెప్పాను: "ఆ కర్ర ఆయన పట్టుకున్నాడనుకున్నావు గాని, ఆ కర్రే ఆయన్ను పట్టుకుందిరా."