ప్రేగుల్లో కణాల చావు: క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ జబ్బుల వెనుక అసలేం జరుగుతోంది?

నెలల తరబడి విరేచనాలు, మలంలో రక్తం, జిగట, మెలిపెట్టే కడుపునొప్పి, తగ్గిపోతున్న బరువు. ఇంట్లో వాళ్లు మొదట బవాసీర్ అనుకుంటారు, తర్వాత అమీబా అంటారు, ఇంకొన్నాళ్లు బయటి తిండి మీద నెట్టేస్తారు. చివరికి కొలనోస్కోపీ చేశాక డాక్టర్ 'ఐబీడీ' అంటాడు. ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్ అనే మాటకి ఇది పొట్టిపేరు. ఇందులో ముఖ్యంగా రెండు జబ్బులున్నాయి. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దప్రేగు లోపలి పొరకే పరిమితం. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, ప్రేగు గోడ మొత్తం మందాన్నీ తినేయొచ్చు. 1932లో న్యూయార్క్‌లో బరిల్ క్రోన్, ఇద్దరు సహచరులు కలిసి ఈ రెండో జబ్బును వివరించారు కాబట్టి ఆ పేరు నిలిచింది. టెన్షన్ పడితే కడుపు చెడే 'ఐబీఎస్' వేరు. అందులో ప్రేగుకి పుండ్లు పడవు.

ప్రేగుకి పుండు ఎందుకు పడుతుంది? ఈ ప్రశ్నకి జవాబు వెతుకుతూ పోతే కణాలు ఎలా చస్తాయన్న దగ్గర ఆగాల్సి వస్తుంది.

మన ప్రేగు లోపలి గోడ మీద ఉండేది ఒకే ఒక్క కణం మందం పొర. దానికి ఒకవైపు కోట్లకు కోట్లు బ్యాక్టీరియా, మరోవైపు రక్తం, రోగనిరోధక కణాలు. ఈ పొరలోని కణాలు మూడు నుంచి ఐదు రోజులకోసారి మారిపోతాయి. గుంతల అడుగున ఉన్న మూలకణాలు కొత్త కణాలను పుట్టిస్తాయి, అవి మెల్లగా పైకి జరుగుతాయి, పైకొచ్చిన పాతవి రాలిపోతాయి. రాలిన చోట ఖాళీ ఏర్పడకుండా పక్క కణాలు వెంటనే సర్దుకుంటాయి. అంటే ఆరోగ్యంగా ఉన్న ప్రేగులో కూడా రోజూ లెక్కలేనన్ని కణాలు చస్తూనే ఉంటాయి. చావడం జబ్బు కాదు. ఎంత వేగంగా చస్తున్నాయి, ఏ పద్ధతిలో చస్తున్నాయి అన్నదే తేడా.

పద్ధతిగా జరిగే చావుని అపోప్టోసిస్ అంటారు. 1972లో కెర్, వైలీ, కర్రీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు పెట్టిన పేరిది. గ్రీకు భాషలో ఆకులు రాలడం అని అర్థం. కణం తనంతట తాను ముడుచుకుపోయి చిన్న చిన్న మూటలుగా విడిపోతుంది, పొరుగు కణాలు వాటిని మింగేస్తాయి. చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. నెక్రోప్టోసిస్ దీనికి పూర్తిగా ఉల్టా. కణం ఉబ్బి, పైపొర చిరిగి, లోపలి సరుకంతా బయట పడుతుంది. అది చూసిన రోగనిరోధక కణాలు ప్రమాదం వచ్చిందనుకుని దండెత్తి వస్తాయి. పైరోప్టోసిస్ అనే మూడో రకం కూడా ఇలాగే పేలే చావే. క్రిములు కణంలోకి చొరబడినప్పుడు వాటిని ఆపడానికి శరీరం వాడే ఆఖరి ఆయుధం అది.

ఏ దారిన చావాలో నిర్ణయించే కూడలి దగ్గర టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఐబీడీ ఉన్నవాళ్ల ప్రేగులో ఇది చాలా ఎక్కువ. టీఎన్ఎఫ్ వచ్చి కణాన్ని తట్టినప్పుడు మామూలుగా కణం బతికే దారినే పట్టుకుంటుంది. అది కుదరకపోతే క్యాస్పేస్-8 అనే ఎంజైమ్ ముందుకొచ్చి మర్యాదగా అపోప్టోసిస్ జరిపిస్తుంది. ఆ క్యాస్పేస్-8 కూడా లేకపోతే రిప్‌కే3, ఎంఎల్‌కేఎల్ అనే ప్రోటీన్లు కణాన్ని పేల్చేస్తాయి. ఇది ఊహ కాదు. 2011లో జర్మనీ శాస్త్రవేత్తలు ప్రేగు పొరలో మాత్రమే క్యాస్పేస్-8 లేని ఎలుకలను తయారుచేశారు. వాటికి చిన్నప్రేగు చివరి భాగంలో దానంతటదే మంట, పుండ్లు వచ్చాయి. క్రోన్స్ కూడా ఎక్కువగా మొదలయ్యేది సరిగ్గా అక్కడే! క్రిములను చంపే రసాన్ని వదిలే పానెత్ కణాలు ఆ ఎలుకల్లో కనపడకుండా పోయాయి. కాపలావాడు చచ్చాడు, గోడ కూలింది, బ్యాక్టీరియా లోపలికొచ్చింది, దాంతో మరింత టీఎన్ఎఫ్ వచ్చి మరిన్ని కణాలు చచ్చాయి. ఈ చక్రం ఒకసారి తిరగడం మొదలుపెడితే తనంతట ఆగడం కష్టం.

విచిత్రం ఏమిటంటే అదే ప్రేగులో చావాల్సినవి చావవు. పని అయిపోయాక టీ-కణాలు అపోప్టోసిస్‌తో తప్పుకోవాలి. క్రోన్స్‌లో అవి మొండికేసి బతికే ఉంటాయి, మంటను రగిలిస్తూనే ఉంటాయి. మందుల విషయంలో ఇది పెద్ద ఆధారమైంది. 1998లో అమెరికాలో క్రోన్స్‌కి అనుమతి పొందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ టీఎన్ఎఫ్‌ను పట్టేస్తుంది. కీళ్లవాతానికి వాడే ఎటానెర్సెప్ట్ కూడా టీఎన్ఎఫ్‌నే అడ్డుకుంటుంది గానీ క్రోన్స్‌లో పనిచేయలేదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇచ్చాక ప్రేగులోని ఆ మొండి టీ-కణాలు చస్తున్నాయని, ఎటానెర్సెప్ట్‌తో అలా జరగడం లేదని పరిశోధకులు చూపించారు. ఒకే మందు ఒకవైపు పొర కణాలను కాపాడుతూ, మరోవైపు ఆ టీ-కణాలను సాగనంపుతోందన్నమాట.

అలాగని పేలే చావుని ఆపేస్తే జబ్బు పోతుందనుకోవద్దు. రిప్‌కే1 అనే ప్రోటీన్‌ను అడ్డుకునే మాత్రను అల్సరేటివ్ కొలైటిస్ రోగులకి ఇచ్చి చూశారు. పెద్దగా మేలు కనపడలేదు. ఎలుకలో తేలింది మనిషిలో నిలవాలన్న రూలేమీ లేదు. 'కణ మరణాన్ని ఆపే దవా' అని వాట్సాప్‌లో ఏదైనా పొడి, కషాయం అమ్మకానికి వస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది, అది టీబీ. ప్రేగు టీబీ, క్రోన్స్ రెండూ కొలనోస్కోపీలో అచ్చం ఒకేలా కనిపించొచ్చు. టీబీ ఉన్నవాళ్లకి స్టెరాయిడ్ ఇస్తే ముదురుతుంది. క్రోన్స్ ఉన్నవాళ్లకి నెలల తరబడి టీబీ మందులు మింగిస్తే ఆలోపు ప్రేగు సన్నబడిపోతుంది. పైగా ఒంట్లో నిద్రపోతున్న టీబీ క్రిములను గూడు కట్టి బంధించి ఉంచేదే టీఎన్ఎఫ్. అందుకే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ మొదలుపెట్టేముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష తప్పనిసరి. డబ్బు మిగులుతుందని అది వదిలేయొద్దు.

పసిపిల్లల విషయం విడిగా చెప్పాలి. ఐబీడీ ఎక్కువగా 15 నుంచి 35 ఏళ్ల మధ్య బయటపడుతుంది. రెండేళ్లు కూడా నిండని బిడ్డకి వస్తే ఒకే జన్యువులో లోపం ఉందేమోనని అనుమానించాలి. ఐఎల్-10 గ్రాహకం లోపం వీటిలో బాగా తెలిసినది. 2018, 2019లో రిప్‌కే1 జన్యువు రెండు ప్రతులూ పాడైన పిల్లల గురించి కూడా బయటికొచ్చింది. వాళ్లలో కణాలు పేలే చావు ఎక్కువై, ప్రేగు మంటతోపాటు కీళ్ల వాపు, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు వచ్చాయి. ఇలాంటి లోపాలు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ పాడైన ప్రతి రావాలి. చాచా, ఖాలా పిల్లల మధ్య నికాహ్‌లు, తెలుగువాళ్లందరిలో ఉన్న మేనరికాలు, ఈ అవకాశాన్ని పెంచుతాయి. అలా పెళ్లి చేసుకున్న వాళ్లందరికీ ఇలా అవుతుందని కాదు, ఇవి చాలా అరుదైన జబ్బులు. కానీ దగ్గరి చుట్టరికం ఉంటే దాచకుండా డాక్టర్‌కి చెప్పాలి. ఎందుకంటే వీటిలో కొన్నింటికి మామూలు మందులు పనిచేయవు, మూలుగ మార్పిడి చేయాల్సి వస్తుంది.

కణాల చావుని రోగి తన రిపోర్టులోనే చూడొచ్చు. మలం పరీక్షలో 'కాల్‌ప్రొటెక్టిన్' అని ఒక అంకె ఉంటుంది. అది న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల లోపల ఉండే ప్రోటీన్. ఆ కణాలు ప్రేగులోకి వచ్చి చచ్చి చెదిరిపోతే అది మలంలో తేలుతుంది. అంకె పెరిగితే మంట ఉన్నట్టు. అయితే ఇన్ఫెక్షన్ వచ్చినా, పెయిన్‌కిల్లర్లు మింగినా కూడా పెరుగుతుంది, కాబట్టి ఆ ఒక్క కాగితం చూసి హడలిపోవద్దు. ఇక ప్రేగు పొర ఏళ్ల తరబడి చస్తూ మళ్లీ పుడుతూ ఉంటే కణాల నకలులో తప్పులు చేరి క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. పెద్దప్రేగు జబ్బు మొదలై ఎనిమిదేళ్లు దాటితే, లక్షణాలు లేకపోయినా కొలనోస్కోపీతో చూపించుకుంటూ ఉండాలి.

రంజాన్ దగ్గరపడితే ఇళ్లలో వచ్చే ప్రశ్న రోజా గురించి. జబ్బు అణిగి ఉండి, మందులు స్థిరంగా సాగుతున్నవాళ్లలో చాలామంది డాక్టర్‌ను అడిగి ఉండగలుగుతారు. రక్తం పడుతున్నవాళ్లకి, రోజుకి పదిసార్లు విరేచనాలయ్యేవాళ్లకి, ప్రేగు కోసి తీసేసినవాళ్లకి నీళ్లు లేకపోవడం ప్రమాదం. రోగికి రోజా వాయిదా వేసుకునే వెసులుబాటు సూరా బఖరా 184, 185 ఆయతుల్లోనే ఉంది. కోలుకునే జబ్బయితే తర్వాత ఖజా, ఎప్పటికీ ఉండలేని స్థితి అయితే ఫిద్యా గురించి మీ మసీదు ఆలింను అడగండి. మెసలమైన్ చాలామంది రోజుకి ఒకేసారి వేసుకోవచ్చు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ సెలైన్ సాధారణంగా ఎనిమిది వారాలకోసారే, తేదీని ముందే మాట్లాడి పెట్టుకోవచ్చు. స్టెరాయిడ్ మాత్రలు వారాల తరబడి వాడుతున్నవాళ్లు మాత్రం రోజా కోసం వాటిని ఒక్కసారిగా ఆపేయకూడదు. శరీరం సొంతంగా తయారుచేసే స్టెరాయిడ్ అప్పటికే తగ్గిపోయి ఉంటుంది, బీపీ పడిపోయి ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సి రావచ్చు. మోతాదుని మెల్లగా ఎలా తగ్గించాలో, సహరీలో వేసుకోవచ్చో లేదో షాబాన్ నెలలోనే డాక్టర్‌తో తేల్చుకోండి.