గాలపుదారము: జనుపనార మొదలు జడదారము వరకు

మన వృత్తిని గూర్చి ముచ్చటించు పెద్దలు తెప్పను గూర్చియు, నావను గూర్చియు, వలను గూర్చియు పెక్కు చెప్పుదురు. దారమును గూర్చి చెప్పువారు మాత్రము అరుదు. వలయైనను గాలమైనను దారము లేక నిలువదు గదా! మన చేతికిని నీటిలోని మీనమునకును నడుమనున్న బంధము ఆ యొక్క పోగే. ఆ పోగును మనవారు పూర్వము దేనితో చేసికొనిరో, అది మన యింటినుండి అంగడికి ఎట్లు పోయెనో, నేడు దొరకు పలువిధముల జడదారములలో ఏది యెవరికి తగునో, ఈ వార్షిక సంచికయందు సోదరులకు మనవి చేయదలచితిమి.

గాలము మిక్కిలి ప్రాచీనమైనది. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధమున రచించిన మానసోల్లాసమను సంస్కృత గ్రంథమున మత్స్యవినోదమను ప్రకరణము కలదు. గాలమువేసి చేపలు పట్టుట అందు రాజవినోదములలో నొకటిగా వర్ణింపబడినది. ఆ కాలమున తెలంగాణము కల్యాణి ప్రభువుల యేలుబడిలో నుండెను. కాకతీయులు వారికి సామంతులు. అయితే రాజునకు వినోదమైనది మనకు జీవనము. వినోదించువాని దారము తెగినచో నవ్వి యూరకుండవచ్చును. జీవనముగా గలవాని దారము తెగినచో ఆ పూట పొయ్యి వెలుగదు. కావుననే దారపు పరీక్ష మనవారికి విద్యయైనది.

ఇంగ్లండున ఐజాక్ వాల్టను 1653లో తన ప్రసిద్ధ గ్రంథమును ప్రకటించునాటికి గుఱ్ఱపువెండ్రుకలను పేని దారము చేయుచుండిరి. పిమ్మట పట్టుపోగులను జడగా అల్లి, అవిసెనూనె పట్టించి వాడిరి. మన తీరమున జనుపనారయు ప్రత్తినూలును ఆధారములు. పోగులను ఒకవైపునకు పురిపెట్టి, రెండు మూడు పోగులను కలుపునపుడు ఎదురువైపునకు పురిపెట్టుదురు. ఈ రెండు పురులును ఒకదానినొకటి పట్టుకొనుటచే దారము విడిపోదు. స్త్రీలును వృద్ధులును ఇంటివాకిట కూర్చుండి చేసిన పని యిది. దారము ఎచ్చట సన్నమైనదో, ఎచ్చట ముడి పడినదో చేసిన చేతికే తెలియును.

ప్రత్తినూలు తడిసినపుడు బలపడును. కాని నీటనుండి తీసి ఆరవేయకున్న త్వరలో కుళ్లును. దానికి విరుగుడుగా తుమ్మచెక్క, తంగేడుచెక్క మొదలగు వగరుచెక్కలను కాచి ఆ కషాయమున దారమును నానవేయుచుండిరి. ఈ పద్ధతికి శాస్త్రసాక్ష్యము కలదు. 1781 మొదలు సామర్లకోటలో నుండి తెలుగుదేశపు మొక్కలను పరిశోధించిన విలియం రాక్స్‌బర్గు, 1793లో కలకత్తా తోటకు అధిపతియైన పిమ్మట, నారల బలమును పరీక్షించెను. త్రాళ్లలో కొన్నింటిని ఉన్నవున్నట్లు విడిచి, కొన్నింటికి కషాయము పట్టించి, కొన్నింటికి తారు పూసి, 116 దినములు నిలువనీటిలో నానవేసి, పిదప బరువు కట్టి చూచెను. ఏ పూతయు లేని జనుపత్రాడు కుళ్లిపోయెను. కషాయము పట్టినది బలమును చాలవరకు నిలుపుకొనెను. రాయిలు పండితుడు 1855లో భారతదేశపు నారమొక్కలను గూర్చి వ్రాసిన గ్రంథమున ఈ ఫలితములను చేర్చెను. మన యవ్వలు కుండలో కాచినదియు ఇట్టి కషాయమే.

1935లో అమెరికా దేశమున డ్యూపాంటు సంస్థయందు కారథర్సను రసాయనవేత్తయు అతని సహచరులును నైలానును కనుగొనిరి. 1938లో అది లోకమునకు ప్రకటింపబడెను. మన దేశమున 1950-60 దశకములలో నైలాను వలలును దారములును వ్యాపించెను. కొచ్చిన్‌లో 1957లో స్థాపింపబడిన కేంద్ర మత్స్యసాంకేతిక సంస్థ ఈ నూతన దారములను పరీక్షించి చూపెను. నైలాను కుళ్లదు, కషాయ మక్కరలేదు, ప్రతిదిన మారవేయు శ్రమ లేదు. ఇది గొప్ప మేలు. కాని ఆనాటినుండి దారము చేయుట మన చేతినుండి తప్పెను. దారమును ఎఱుగుటయు దానితోపాటు తప్పెను. ఇంట పేనినది ఎంత బరువు నాపునో మనమే చెప్పితిమి. నేడు కాగితముపై అచ్చువేసిన అంకెను నమ్ముచున్నాము.

ఇటీవలి మార్పు జడదారము. 1979లో హాలెండు దేశపు డీఎస్‌ఎమ్ సంస్థ శాస్త్రజ్ఞులగు స్మిత్, లెమ్‌స్ట్రా అనువారు పాలిథిలీనును ద్రావకములో కరగించి మిక్కిలి సాగదీసి అత్యంత బలముగల పోగు తీయు విధమును కనిపెట్టిరి. డైనీమా, స్పెక్ట్రా అను పేర్లతో అది విపణికి వచ్చెను. 1990 తరువాత ఆ పోగులను అల్లిన గాలపుదారములు ప్రపంచమంతట వ్యాపించెను. దీనికి ముందే పాలియెస్టరు పోగులతో అల్లిన డాక్రాను జడదారము వాడుకలో నుండెను.

ఇక వీని గుణదోషములు. పాలిథిలీను జడదారము నీటికన్న తేలిక, తేలును. నీరు పీల్చదు. అది సాగుట బహుస్వల్పము గనుక లోతున చేప ముట్టినను చేతికి వెంటనే తెలియును. సమానబలముగల నైలాను ఒంటిపోగుకన్న చాల సన్నము. డాక్రాను నీట మునుగును, కొంత సాగును, లావుగా నుండును. నాలుగు పోగుల జడ గరుకుగా నుండి రాతిరాపిడికి కొంత ఓర్చును. ఎనిమిది పోగుల జడ గుండ్రముగా నునుపుగా నుండి కఱ్ఱవలయములగుండ సులభముగా జాఱును, కాని దాని పోగులు సన్నములగుటచే రాపిడికి త్వరగా తెగును. ఎక్కువ పోగులున్నది ఎల్లప్పుడు మేలనుట పొరపాటు.

ఈ విషయమున మా యనుభవ మొకటి చెప్పుదుము. ఒక పట్టణపు అంగడిలో ఇరువది కిలోలని వ్రాసియున్న జడదారము కొని, ఇంటికి వచ్చి, గాలము కట్టి, బకెట్టు వ్రేలాడదీసి ఇసుక పోసితిమి. సగము బరువునకే గాలము ఊడి పడెను. వర్తకుడు మోసగించెనని కోపించితిమి. పిమ్మట చూడగా దారము తెగలేదు, ముడి జాఱినది! మా తాతలు ప్రత్తినూలునకు వేసిన ముడినే మేము ఈ నునుపుదారమునకు వేసితిమి. చుట్లు పెంచి, తడిపి, బిగించి మరల పరీక్షింపగా ఆ దారమే చాల బరువు నాపెను. తప్పు వర్తకునిది కాదు, మాది. దారము మారినపుడు చేతిపనియు మారవలయునని అప్పుడు గ్రహించితిమి.

అంతకన్న ముఖ్యమైన దొకటి కలదు. అనకాపల్లి జిల్లాలోని పూడిమడక మొదలగు గ్రామములవారు సూరచేపకై గాలములతో దూరసముద్రమునకు పోవుదురు. చేతితో దారము లాగువానికి సన్నదనము గుణము కాదు, దోషము. పెద్దచేప ఒక్కసారి పరుగుతీయునపుడు సన్నని జడదారము కత్తివలె అఱచేతిని కోయును. వ్రేలికి చుట్టుకొన్నచో వ్రేలే పోవచ్చును. చేతిగాలమునకు లావైన నైలాను ఒంటిపోగే క్షేమము. కఱ్ఱయు చుట్టుచక్రమును గలవానికి జడదారము తగును. రాళ్లున్నచోట నాలుగు పోగులదియు, దూరము విసరుచోట ఎనిమిది పోగులదియు మేలు. కోనాము వంటి పదునైన పండ్లుగల చేపకు ఏ జడదారమును ఆగదు. గాలముకడ తీగ యుండవలయును. కొసదారము ముఖ్యదారముకన్న బలహీనముగా నుండుటయు అవసరము. అప్పుడు గాలము రాతికి తగిలినను కొస మాత్రమే తెగును. కుళ్లని దారము కడలిలో మిగిలినచో ఏండ్లతరబడి జీవుల నురిబెట్టును. ఆ నష్టము తుదకు మనదే.

కావున సోదరులారా, కొత్తది వద్దనుట మా యభిప్రాయము కాదు. మన పూర్వులు తంగేడుచెక్క నెంచుకొనినది ఆచారమని కాదు, పరీక్షించి. మనమును అట్లే చేయుదము. ప్రతి గ్రామసంఘమును ఒక త్రాసును, ఒక నీటితొట్టిని ఉంచి, క్రొత్తదారము వచ్చినపుడు తడిపి, ముడివేసి, బరువు కట్టి చూచి, ఫలితమును అందఱకు చదివి వినిపింపవలయును. దీనికి వ్యయ మత్యల్పము. దారము చేయు పని మన చేతినుండి పోయినది. దారమును తెలిసి కొను విద్యనైనను పోనీయకుందుము గాక!