నెల్లూరు, గిండీ, ట్రెంటన్: చివుకుల ఉపేంద్ర గారి దారి

మన తామరైపాక్కంలో పంచాయతీ ఎన్నిక వస్తే పెద్దవాళ్ళు ముందు వేసే లెక్క ఒకటే: మనవాళ్ళ ఓట్లు ఎన్ని? ఇంట్లో తెలుగు, వీధిలో అరవం మాట్లాడే కుటుంబాలకి ఆ లెక్క ఎప్పుడూ చాలదు. మనవాళ్ళ ఓట్లు చాలని చోటే గెలిచినాయన ఒకరున్నారు. ఆయన్ని గురించే ఈ నాలుగు మాటలు.

చివుకుల ఉపేంద్ర గారు 1950లో నెల్లూరులో పుట్టినారు. ఇంజినీరింగు చదివింది మద్రాసులో, మన గిండీ కాలేజీలో. అమెరికా పోయి న్యూయార్క్ సిటీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగు పైచదువు చదివి, ఉద్యోగం చేసుకుంటా న్యూజెర్సీలో స్థిరపడినారు. అక్కడ ఇంటిపేరు చివరికి పోతుంది కదా, ఉపేంద్ర చివుకుల అయినారు.

రాజకీయం మొదలుపెట్టింది అసెంబ్లీతో కాదు. ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ అని తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, ఆసియా వాళ్ళు కలిసి ఉండే ఊరు. ముందు ఆ ఊరి కౌన్సిల్లో సభ్యుడు, 2000లో మేయరు. నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. ఊరి పన్నులు, రోడ్ల తగవులు తీర్చిన మనిషిని పక్కింటివాడు నమ్ముతాడు, పేరు నోరు తిరక్కపోయినా.

2001 నవంబరులో డెమోక్రటిక్ పార్టీ తరఫున 17వ డిస్ట్రిక్ట్ నుంచి న్యూజెర్సీ అసెంబ్లీకి గెలిచినారు. ఆ సభకి ఎన్నికైన మొదటి భారతీయుడు ఆయనే. మనకి ఎమ్మెల్యే గెలిస్తే అయిదేళ్ళు నిమ్మళం. అక్కడ రెండేళ్ళకే మళ్ళీ ఓటరు గడప తొక్కాల. 40 డిస్ట్రిక్టులు, ఒక్కోదానికి ఇద్దరు, మొత్తం 80 మంది. ఆ లెక్కన ఆయన 2013 దాకా వరసగా ఏడు సార్లు గెలిచినారు. డిప్యూటీ స్పీకరు కూడా అయినారు.

ట్రెంటన్ సభలో ఆయన ఎక్కువ పట్టుకున్నది కరెంటు సంగతి. చదివిన చదువు ఊరికే పోలేదు. 2010లో సముద్రంలో గాలిమరల కరెంటుకి, 2012లో సౌర విద్యుత్తుకి వచ్చిన చట్టాలను ప్రతిపాదించిన వాళ్ళలో ఆయన ఒకరు.

పై మెట్టు మాత్రం అందలేదు. 2012లో కాంగ్రెస్ సీటుకి నిలబడి రిపబ్లికన్ లెనర్డ్ లాన్స్ చేతిలో ఓడినారు. 2014లో ఇంకో సీటుకి సొంత పార్టీ ప్రైమరీలోనే బానీ వాట్సన్ కోల్మన్ గెలిచినారు. ఊరూ అసెంబ్లీ తెలిసిన మనిషికి పెద్ద నియోజకవర్గం వేరే ఆట. అదే ఏడు రిపబ్లికన్ గవర్నరు క్రిస్ క్రిస్టీ ఆయన్ని పబ్లిక్ యుటిలిటీస్ బోర్డుకి కమిషనరుగా వేసినారు. కరెంటు, గ్యాసు, నీళ్ళ రేట్లు చూసే బోర్డు అది. ఎదురు పార్టీవాడు పిలిచి ఇచ్చిన కుర్చీ కోసం అసెంబ్లీ సీటు వదులుకున్నారు.

నెల్లూరు పక్క కండలేరు నుంచి మన పూండికి నీళ్ళు వచ్చేటప్పుడల్లా, ఆ ఊరి మనిషి అక్కడెక్కడో నీళ్ళ రేటు చూసినాడని మా ఇంట్లో పిల్లలకి చెప్తా ఉంటాను.