గోకుంద ప్లాట్‌ఫారం మీద రెండు సముద్రాలు

కిన్వట్ రైల్వే స్టేషన్ ఉన్నది గోకుందలో. బోర్డు మీద పేరు కిన్వట్‌ది, నేల మాత్రం మాది. ఇక్కడ ఆగే బండ్లు ఎక్కువేం లేవు గానీ, వాటిలో రెండు సముద్రం దాకా పోతాయి. నందిగ్రామ్ ఎక్స్‌ప్రెస్ నాందేడ్, మన్మాడ్ మీదుగా ముంబై చేరుతుంది. కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఆదిలాబాద్‌లో బయల్దేరి, మా ఊరి మీదుగా నిజామాబాద్, విజయవాడ, ఆపైన బాపట్ల, చీరాల దాటుకుని తిరుపతి పోతుంది. ముద్‌ఖేడ్ దాకా రెండింటిదీ ఒకటే పట్టా. అక్కడ విడిపోయి ఒకటి పడమటి సంద్రానికి, ఇంకొకటి తూర్పు సంద్రానికి దారి పడుతుంది. పిల్లల పరీక్షలు దగ్గరపడ్డాయంటే మా ఇంట్లో ఏటా ఒకటే ముచ్చట: ఈసారి ఎటు?

సముద్రం పొలిమేరల్లో లేని ఊళ్ళో ఈ ప్రశ్న పుట్టడం చిన్న విషయం కాదు. దాని వెనక ఒక నిజాం పోగొట్టుకున్న తీరం ఉంది, ఒక ఇంగ్లీషు డాక్టరు రాసిన పుస్తకం ఉంది, 1956లో గీసిన ఒక సరిహద్దు ఉంది.

మా నాయనమ్మకు బీచ్ అనే మాట తెలియదు. ఆమెకు తెలిసింది సంద్రం తానం. అది ఎప్పుడు పడితే అప్పుడు చేసేది కాదు. కార్తీక పున్నమి, మాఘ పున్నమి, గ్రహణం రోజు, అంతే. తక్కిన రోజుల్లో సముద్రాన్ని ముట్టుకోరాదని పెద్దలు అనేవాళ్ళు. కృష్ణ కలిసే హంసలదీవిలో మాఘ పున్నమికి, గోదావరి కలిసే అంతర్వేదిలో మాఘమాసపు కల్యాణోత్సవాలకు, బాపట్ల దగ్గరి సూర్యలంకలో కార్తీక పున్నమికి జనం ఇప్పటికీ వేలల్లో వస్తారు. తడి ఇసుకతో లింగం చేస్తారు, పసుపు కుంకుమ పెడతారు, అరటి దొప్పలో దీపం వదులుతారు, మూడు మునకలు వేసి తడిబట్టలతో ఒడ్డుకొస్తారు. పుణ్యానికి వచ్చినవాళ్ళు పుణ్యం కాగానే వెళ్ళిపోయేవాళ్ళు. ఊరికే కూర్చుని అలల్ని చూడడానికి ఇంటిల్లిపాదీ రైలెక్కి రావడమన్నది వాళ్ళ ఊహకు కూడా అందని సంగతి.

ఒడ్డున ఊరికే కూర్చోవడం ఎక్కడ మొదలైందని వెతుకుతూ పోతే ఇంగ్లండులో తేలుతాం. అక్కడా మొదట అది వైద్యమే. రిచర్డ్ రస్సెల్ అనే డాక్టరు 1750లో లాటిన్‌లో ఒక పుస్తకం రాశాడు. గ్రంథుల జబ్బులకు సముద్రపు నీరు మందని, అందులో మునగాలని, తాగాలని కూడా చెప్పాడు. తర్వాత తానే బ్రైటన్‌లో కాపురం పెట్టి రోగుల్ని అక్కడికి రప్పించుకున్నాడు. అప్పటిదాకా అదొక బెస్తల ఊరు. ధనికులు వచ్చారు, రాజకుటుంబం వచ్చింది, 1841లో లండన్ నుంచి రైలు వచ్చాక మామూలు జనమూ వచ్చారు. మందుకోసం మొదలైన రాకపోకలు సరదాగా స్థిరపడ్డాయి.

ఆ అలవాటును తెల్లవాళ్ళు మన తీరానికీ తెచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీ ఎండలకు తట్టుకోలేని అధికారులకు వాల్తేరు విడిది అయింది. వాళ్ళను చూసి మన చదువుకున్న కుటుంబాలూ నేర్చుకున్నాయి. తెలుగులో దానికి పేరు ‘గాలి మార్పు’, మా చుట్టుపక్కల మరాఠీ ఇళ్ళలో ‘హవాపాలట్’. రెండు మాటలూ రోగి మంచం పక్కన పుట్టినవే. 1924లో ఆపరేషన్ అయ్యాక జైలు నుంచి విడుదలైన గాంధీగారు జుహూ ఒడ్డున ఉండి కోలుకున్నారు. సంద్రం తానానికీ బీచ్‌కూ మధ్య మనవాళ్ళు దాటిన మెట్టు ఈ గాలి మార్పు. అందుకే ఆ మాట వాడుకలోంచి పోతుంటే నాకు బాధేస్తుంది. బీచ్ అనే మాటలో ఇసుక ఉంది గానీ, గాలి లేదు.

మా ప్రాంతం మాత్రం ఆ రోజుల్లో ఈ కథకు చాలా దూరంలో ఉంది. కిన్వట్ నిజాం రాజ్యంలోది, నిజాం రాజ్యానికి సముద్రం లేదు. మొదటి నుంచీ లేకపోవడం కాదు, చేజారిపోయింది. తూర్పు తీరం వెంబడి ఉన్న ఉత్తర సర్కారులు 1766 ఒప్పందంతో ఈస్టిండియా కంపెనీకి పోయాయి. గుంటూరు సర్కారు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరుగా కొన్నాళ్ళు మిగిలింది. ఆయన 1782లో పోయాక, 1788లో దాన్నీ కంపెనీ తీసుకుంది. ఇప్పుడు మేము దిగే బాపట్ల తీరం ఆ సర్కారులోదే. 1802 ఒప్పందంలో మచిలీపట్నం రేవు వాడుకునే హక్కు నిజాంకు దక్కింది గానీ, అది సరుకుల కోసం. పిల్లలు కాళ్ళు తడుపుకోవడానికి ఎవరూ ఒప్పందాలు రాయరు కదా.

తిరిగి సముద్రం వైపు దారి తెరిచింది రైలు. సికింద్రాబాద్ నుంచి బెజవాడకు 1889లో పట్టాలు పడ్డాయి, బెజవాడ నుంచి మద్రాసుకు 1899లో. బాపట్ల, చీరాల ఆ రెండో దారిలోవి. మా ముద్‌ఖేడ్–ఆదిలాబాద్ దారి చాలాకాలం మీటర్ గేజి. దూరం పోవాలంటే పెట్టెలు దింపుకుని బండి మారాల్సిందే. బ్రాడ్ గేజి వచ్చాక, ఒకప్పుడు సికింద్రాబాద్‌లోనే ఆగిపోయే కృష్ణాను ఆదిలాబాద్ దాకా పొడిగించాక, మా ఊళ్ళో ఎక్కి సముద్రం దగ్గర దిగడం అనేది నిజమైంది.

1956 గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. అప్పటిదాకా కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోది. రాష్ట్రాల పునర్విభజన చట్టం కిన్వట్, రాజూరా తాలూకాలను, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్‌ను బొంబాయి రాష్ట్రంలో కలిపింది. నవంబరు 1న తెల్లవారేసరికి ఆదిలాబాద్‌లో ఉన్న మా చుట్టాలకు ఆంధ్రప్రదేశ్ వచ్చింది, దాంతోపాటు బంగాళాఖాతం వచ్చింది. మాకు బొంబాయి వచ్చింది, అరేబియా సముద్రం వచ్చింది. నూట యాభై ఏళ్ళకు పైగా ఏ సంద్రమూ లేని ఒకే జిల్లా జనానికి ఒకే రోజు చెరొక సముద్రం దక్కింది. మాట తూర్పుకు, కాగితం పడమరకు. గోకుందలో తెలుగు ఇళ్ళు అప్పటినుంచీ ఈ రెండింటి నడుమే బతుకుతున్నాయి. సెలవుల్లో ఎటు పోదామన్న చర్చలోనూ అది తొంగిచూస్తుంది.

అదే ఏడాది, దానికి సరిగ్గా మూడు వారాల ముందు, అక్టోబరు 11న కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగులకు ఎల్టీసీ, అంటే సెలవు ప్రయాణ రాయితీ, ఉత్తర్వు ఇచ్చింది. మొదట అది సొంతూరికి పోయి రావడానికే. దేశంలో ఎక్కడికైనా వెళ్ళే వీలు తర్వాత వచ్చింది. మా బాపు పోస్టాఫీసులో గుమాస్తా. నాలుగేళ్ళకోసారి వచ్చే ఆ వీలుతోనే మేము మొదటిసారి సంద్రం చూసింది. ఇలాంటి కాగితం ఒకటి లేకపోతే చిన్న జీతాల కుటుంబాలు ఎన్ని తీరం ముఖం చూసేవో! కుటుంబంతో సెలవు గడపడానికి ఉద్యోగికి దారి చూపిన ఆ ఉత్తర్వంటే నాకు ఇప్పటికీ గౌరవం.

అమెరికాలో స్థిరపడిన మా బంధువుల ఇళ్ళలో మార్చి వస్తే స్ప్రింగ్ బ్రేక్. మంచు ప్రాంతాలవాళ్ళు వెచ్చని బీచ్ వెతుక్కుంటూ ఫ్లోరిడాకు పోతారు. అక్కడ ఆ ఆనవాయితీకి మొదలు 1930లలో ఫోర్ట్ లాడర్‌డేల్ ఈతకొలనుకు సాధన కోసం వచ్చిన కాలేజీ ఈతగాళ్ళంటారు. మన వసంతం చైత్ర వైశాఖాలు. అప్పటికి కిన్వట్ అడవుల్లో మోదుగ పూలు రాలిపోయి ఎండ నలభై దాటుతుంది. మేము వెతికేది వెచ్చదనం కాదు, గాలి. నేల తొందరగా వేడెక్కుతుంది, నీరు నెమ్మదిగా. మధ్యాహ్నానికి ఒడ్డున వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటు నింపడానికి నీటి మీది చల్లగాలి లోపలికి వస్తుంది. రెండు తీరాల్లోనూ అంతే. కాబట్టి చల్లదనాన్ని బట్టి ఎంచుకోనక్కర్లేదు.

ఎంచుకోవాల్సింది నీటి నడకను బట్టి. ముంబై దగ్గర పెద్ద పోటు రోజుల్లో నీరు నాలుగైదు మీటర్లు పెరిగి తగ్గుతుంది. ఆంధ్ర తీరంలో అది మీటరు, మహా అయితే మీటరున్నర. అలీబాగ్‌లో ఆటు సమయానికి జనం నడుచుకుంటూ కొలాబా కోటకు పోతారు. తిరిగి రావడం ఆలస్యమైతే ఆ దారే మునుగుతుంది. పదేళ్ళు దాటిన పిల్లలకు అది మరపురాని అనుభవం, వేళలు తెలిసిన మనిషి వెంట ఉంటే. గణపతిపులే దగ్గర సంద్రం ఎదుటే వినాయకుడి గుడి, సాయంత్రం నీళ్ళలోకి దిగే సూర్యుడు. కొంకణ్‌ను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అయితే ముంబైలో దిగాక ఇంకా పడవో బస్సో ఎక్కాలి. ముసలివాళ్ళతో, చంటిపిల్లలతో నేను తూర్పుకే పొమ్మంటాను. ఒకటే బండి, దిగిన చోట మన మాట, బాపట్ల నుంచి ఆటోలో పోయే దూరంలో సూర్యలంక.

తూర్పుకు పోయేవాళ్ళు నెలలు చూసుకోవాలి. బంగాళాఖాతం తుపానులు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. మే నెలనూ నమ్మలేం, 1990 మేలో కృష్ణా తీరం ఎంత నష్టపోయిందో ఆ తరం వాళ్ళకు తెలుసు. ఏప్రిల్ చివర, మే మొదటి రోజులు మంచివి, వాతావరణ సూచన చూసుకునే టికెట్టు ఖాయం చేసుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం, ఇంజను పడవలు కదలవు, కాబట్టి చేపల మీద ఆశ తగ్గించుకోవాలి. నిషేధం చేపలు గుడ్లు పెట్టే కాలం కోసం. మన నోటి రుచి రెండు నెలలు ఆగితే తప్పేం లేదు.

సూర్యలంకలో మేము దిగిన మొదటి పొద్దు నాకు కళ్ళకు కట్టినట్టే ఉంది. సర్వీ చెట్ల సందుల్లోంచి ఇసుకలోకి వస్తుండగానే చప్పుడు ముందు వినపడింది. మా చిన్నది నాలుగేళ్ళది. అల వచ్చి వెనక్కి పోయేటప్పుడు దాని మడమల కింద ఇసుక జారిపోయింది. ఒక్కసారిగా అరిచింది.

“అవ్వా, భూమి గుంజుకపోతుంది!”

మా అమ్మ దాని రెక్క గట్టిగా పట్టుకుంది. “కాళ్ళు ఊపకు బిడ్డా. నిలవడు, అదే ఇస్తది.”

నిజంగానే తర్వాతి అల కొత్త ఇసుక తెచ్చి ఆ పాదాలను కప్పింది. పిల్ల అరుపు నవ్వుగా మారింది. ఆ రెండు నిమిషాల్లో మా అమ్మ చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిశాయి. ఆమె చూసుకోలేదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ తీరం మెత్తగా కనిపించినంత మాత్రాన నమ్మదగ్గది కాదు. వెనక్కి లాగే నీటిపాయలు ఉంటాయి, ఒడ్డు నుంచి చూస్తే ఆ చోట అలలు తక్కువగా, నీరు నున్నగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఈత వచ్చిన కుర్రాళ్ళు కూడా కొట్టుకుపోయారు. పిల్లలకు మోకాలి లోతు, పెద్దలకు నడుము లోతు. అంతకు మించి వద్దు. స్థానిక బెస్తలు దిగొద్దన్న చోట దిగొద్దు, వాళ్ళకు ఆ ఒడ్డు అలివి వల లాగే చేతులతో తెలుసు.

రెండో రోజు మా పెద్దవాడు అడిగాడు, మన ఊరి పెన్‌గంగ కూడా ఇక్కడికే వస్తుందా అని. దగ్గరికే వస్తుందని చెప్పాను. పెన్‌గంగ వార్ధాలో కలుస్తుంది, వార్ధా వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అవుతుంది, ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది, గోదావరి బాపట్లకు ఉత్తరాన ఇదే బంగాళాఖాతంలో పడుతుంది. వాడు ఇసుక మీద వేలితో ఆ దారంతా గీశాడు. ఒక అల వచ్చి కాళేశ్వరం దాకా చెరిపేసింది. మళ్ళీ గీశాడు.

ఈ ఏడు కూడా కృష్ణాకే టికెట్లు తీసుకుందామనుకున్నాం. జొన్న రొట్టెలు, ఠేచా, పిల్లలకు పేలాలు అని లెక్కలు వేసుకుంటుంటే అమ్మ క్యాలెండరు అడిగింది. వైశాఖ పున్నమి ఎప్పుడో చూడమంది, పోయేది ఎట్లాగూ పోతున్నాం కదా, మూడు మునకలు పున్నమి నాడే పడితే మంచిదని. పున్నమికి పోటు పెద్దదమ్మా అన్నాను. “నేను పొద్దుగాల మునుగుత, పిల్లలను మీరు సాయంత్రం తీసుకపోండ్రి” అంది. క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాను.